ముందు గది గోడ మీద బుల్లెమ్మ

రాజోలు సెంటర్లో చెప్పుల కొట్టుకీ మందుల షాపుకీ మధ్య మేడ మీదికి ఇరుకు మెట్లదారి ఒకటుంది. పైకి వెళితే వెన్నెల ఫొటో స్టూడియో. దాని యజమానురాలు కనకరత్నం. యాభైకి దగ్గర పడిన మనిషి. మాట కరుకు, పని నాజూకు. కెమెరా ముందు కూచున్నాక ఆవిడకి ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. "గడ్డం దించండి" అంటే ఎమ్మార్వోగారైనా దించవలసిందే. ఊపిరి బిగపట్టి కొయ్యబారిపోయే వాళ్ళని "వదలండి బాబూ, మీకు సూదిమందు వెయ్యట్లేదు" అని కసురుతుంది. కసిరించుకున్నవాళ్ళే మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తారు.

స్టూడియో ఆవిడ తండ్రి అప్పలరాజు పెట్టింది. పదో తరగతి పరీక్ష తప్పిన వేసవిలో, ఇంట్లో కూచుని ఏడుస్తున్న కూతుర్ని ఆయన తీసుకొచ్చి తన టచింగ్ బల్ల ముందు కూచోబెట్టాడు. ఏటవాలు గాజు పలక, కింద అద్దం, గాజు మీద నెగెటివు, చేతిలో సూదిలా చెక్కిన పెన్సిలు. ముఖం మీది మశూచి గుంటల్ని, మొటిమల్ని చుక్క చుక్కగా పూడ్చాలి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారితే పెళ్ళికూతురి ముక్కు వంకరపోతుంది. మొదట్లో ఉత్సాహం కొద్దీ అందరి ముఖాలూ గోడకి సున్నం కొట్టినట్టు నున్నగా చేసేసేది. అప్పలరాజు నవ్వి, "మచ్చ తియ్యమ్మా, మనిషిని తీసెయ్యకు" అనేవాడు. బడి చదువు ఎంత అబ్బిందో గాని, ఆ ఒక్క మాట మాత్రం ఆవిడకి జీవితాంతం సరిపడా అబ్బింది.

తరవాత రంగుల ఫిల్ము వచ్చింది, తరవాత కంప్యూటరు వచ్చింది, ఆ తరవాత ప్రతివాడి జేబులోకీ కెమెరా వచ్చింది. భర్త దుర్గాప్రసాద్ కాలంతో పాటు నడిచిన మనిషి. పెళ్ళికి ముందు జంటల్ని దిండి తీసుకెళ్ళి, హౌస్‌బోటు మీద నిలబెట్టి, పైనుంచి డ్రోను ఎగరేసి, గోదావరినీ కొబ్బరితోటల్నీ ఉన్నదానికి రెండింతలు పచ్చగా చూపిస్తాడు. చేతినిండా పని. స్టూడియోలో కనకరత్నానికి మిగిలినవి పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు.

ఆ మూడోదే ఆవిడ ప్రాణం తీసేది. మనిషి పోయిన మూడో నాడో నాలుగో నాడో ఇంట్లోవాళ్ళు వస్తారు. పెద్దకర్మకి పెద్ద ఫొటో కావాలంటారు. ఏదండీ అంటే, ఎవరిదో పెళ్ళిలో నలభై మంది నిలబడ్డ గ్రూపు ఫొటో ఇస్తారు. అందులో పోయినావిడ ముఖం చొక్కా గుండీ అంత ఉంటుంది. భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి తీసేసి, ముఖాన్ని సాగదీసి, వెనక మబ్బులు పెట్టి కనకరత్నం ఇస్తే, వాళ్ళు కళ్ళొత్తుకుని దండ వేసుకుంటారు. బతికినంత కాలం ఇంటెడు చాకిరీ చేసిన మనిషికి, చివరికి మిగిలింది రేషన్ కార్డు మీది బిత్తర చూపు. ఒకనాడు తన వీధిలోనే, చిన్నప్పుడు తనకి జడలు వేసిన ముసలమ్మకి అలాగే ఫొటో చెయ్యవలసి వచ్చింది. చేసి ఇచ్చింది. ఇచ్చాక కనకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేదు, అందరి మీదా మండింది.

మర్నాడే అటక మీంచి తండ్రి దీపాలు దింపించింది. ఇనుప డొక్కుల్లాంటి పెద్ద దీపాలు. వెలిగిస్తే వాటి కింద అప్పడాలు కాల్చుకోవచ్చు. వెలుగు అటూ ఇటూ చెదరకుండా వాటి ముందు అమర్చే రేకు తలుపులు, వెనక కట్టే నల్ల తెర, నగిషీ చెక్కిన పెద్ద కుర్చీ, అన్నీ తుడిచింది. కింద మెట్ల దగ్గర బోర్డు పెట్టింది. పాతకాలం సినిమా తారల్లాగ నలుపు తెలుపు ఫొటోలు తీస్తామని.

చూసినవాళ్ళు చూశారు, నవ్వినవాళ్ళు నవ్వారు, మెట్లెక్కినవాళ్ళు మాత్రం లేరు. కారణం ఆవిడకీ తెలుసు. కోనసీమలో ఏ ఇంటికైనా వెళ్ళండి, గోడ మీద రంగుల ఫొటో ఉంటే ఆ మనిషి బజారుకి వెళ్ళాడని అర్థం. నలుపు తెలుపు ఫొటో పటం కట్టి ఉంటే ఆ మనిషి ఇక రాడని అర్థం. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు, ఎవరికీ నేర్పక్కర్లేనిది. చేతిలో డబ్బు పెట్టుకుని బతికుండగానే ఆ పటంలోకి వెళ్ళి కూచోడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

"ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని ఊరికే అనలేదు" అన్నాడు దుర్గాప్రసాద్, డ్రోను రెక్కలు తుడుచుకుంటూ.

"మీ డ్రోనుకి మనుషుల నడినెత్తి తప్ప ముఖం కనపడదు. మీరు మాట్లాడకండి" అంది కనకరత్నం.

అలాంటి రోజుల్లో బుల్లెమ్మ మెట్లెక్కి వచ్చింది.

బుల్లెమ్మది మామిడికుదురు. కొడుకు చంకలో ఉండగా కువైట్ వెళ్ళి, ఒకే ఇంట్లో వంట చేస్తూ వయసంతా అక్కడే గడిపేసింది. ఆ మధ్యనే ఇక చాలని వచ్చేసింది. భర్త వీరన్న నోట్లో నాలుక లేని మనిషి, పిల్లాణ్ణి ఇక్కడ ఆయనే పెంచాడు. సెలవు మీద వచ్చిన ప్రతిసారీ పాస్‌పోర్టుకనో వీసాకనో బుల్లెమ్మ ఫొటో దిగింది ఈ స్టూడియోలోనే.

"రత్నంగారూ, కొత్తిల్లు కట్టేమండీ" అంది, బల్ల మీద కూచుంటూ. "గృహప్రవేశానికి ముందు గదిలో నా ఫొటో ఒకటి పెద్దది ఉండాలండీ. కింద బోర్డు చూసేను. అలాంటిది కావాలి."

కనకరత్నానికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ముందు నిజం చెప్పడం న్యాయం కదా అని, "నలుపు తెలుపు అంటే మనవాళ్ళు ఏమనుకుంటారో తెలుసు కదండీ?" అంది.

"ఆయ్, తెలుసండీ. కానీ మా మేడమ్ ఇంట్లో వాళ్ళమ్మది అలాంటి ఫొటో ఒకటుండేదండీ. రోజూ నేనే తుడిచేదాన్ని. ఆవిడ ఎంత దర్జాగా ఉండేదనుకున్నారు! తుడిచినప్పుడల్లా అనుకునేదాన్ని, నాకూ ఒకటుండాలని. నా దగ్గరున్నవన్నీ మీరు తీసినవేనండీ. ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు."

"నవ్వకూడదని నేనే కదండీ చెప్పింది?"

"మీరేనండీ" అంది బుల్లెమ్మ, ఏ కోపమూ లేకుండా.

ముహూర్తం చూసుకున్నట్టే వచ్చింది ఫొటోకి. ఎర్ర పట్టుచీర, ముఖం నిండా పౌడరు. కనకరత్నం ముందు ఆ పౌడరంతా తడిగుడ్డతో తుడిపించింది. "నల్లగా పడతానేమోనండీ" అని బుల్లెమ్మ నసిగితే, "నలుపుకి నాలుగు రకాల వెలుగుంటుంది, సున్నానికి ఒకటే" అంది. కొబ్బరినూనె వేలి కొసన తీసుకుని బుగ్గల ఎత్తుల మీద, ముక్కు దూలం మీద, కనురెప్పల మీద అద్దింది. ఎర్ర చీర ఈ ఫొటోలో బొగ్గు ముద్దలా పడుతుందని, తన బీరువాలోంచి లేత గంధం రంగు పాత జరీ చీర తీసి కట్టించింది. ఒక దీపం ఎదురుగా ఎత్తులో పెట్టింది, ముక్కు కింద చిన్న నీడ పడేలాగ. ఇంకోటి వెనక, జుట్టు అంచు వెలిగేలాగ. అంతా అమిరింది, మనిషి తప్ప.

స్టూలు మీద కూచోగానే బుల్లెమ్మ నిటారుగా బిగుసుకుపోయింది. జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. గడ్డం సమంగా పెట్టి, పెదవులు మూసి, కళ్ళు రెండూ తెరిచి లెన్సు లోపలికి చూసింది. పక్కకి తిరగమంటే తల మాత్రం తిప్పి, మరుక్షణం మళ్ళీ ఎదురుగా వచ్చేసింది.

"చెవులు కనపడాలి కదండీ?" అంది భయంగా.

కనకరత్నం నవ్వింది గాని లోపల కంగారు పడింది. ఇది పాస్‌పోర్టు ఫొటోలకని తను నేర్పిన విద్యే. ఇన్నేళ్ళు ఇదే గదిలో, ఇదే స్టూలు మీద, తనే గదిమి గదిమి నేర్పింది. నవ్వమంటే బుల్లెమ్మ పళ్ళు చూపించింది, అది నవ్వు కాదు. దీపాల వేడికి ఇద్దరికీ చెమటలు కారిపోయాయి.

చివరికి స్టూలు తీసి అవతల పారేసి, నగిషీ కుర్చీ లాక్కొచ్చింది. "ఇందులో కూచోండి. నేను చెప్పినట్టు కాదు. మీ మేడమ్ ఎలా కూచునేదో అలా కూచోండి."

"అయ్యబాబోయ్! ఆవిడలాగానా?"

"ఇన్నేళ్ళు చూసేరు కదా. చూపించండి."

బుల్లెమ్మ కుర్చీకేసి కాసేపు చూసింది. తరవాత వెళ్ళి కూచుంది. వెన్ను వెనక్కి వాల్చి, ఒక కాలు మీద ఒక కాలు వేసి, చెయ్యి కుర్చీ చేతి మీద జారవిడిచింది. గడ్డం కొంచెం ఎత్తి, రెప్పలు సగం వాల్చి, తలుపు దగ్గర ఎవరో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నట్టు అటు చూసింది. ఆ చూపులో తొందర లేదు. నిలబడ్డవాళ్ళు ఎంతసేపైనా నిలబడతారన్న నమ్మకం ఉంది. కనకరత్నం కెమెరా దగ్గరికి పరుగెత్తింది. ఏ హీరోయిన్‌కి ఎవరు నేర్పితే వస్తుంది ఇంత దర్జా? ప్రతిరోజూ ఎదురుగా నిలబడి చూసిన మనిషికి తప్ప!

"టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టు" అంది బుల్లెమ్మ, అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. అనేసి, తన దర్జాకి తనకే నవ్వొచ్చి, ఆ నవ్వుని పెదవి చివర ఆపుకుంది. సరిగ్గా అప్పుడే కనకరత్నం వేలు కెమెరా మీట మీద పడింది.

కంప్యూటరు మీద ఆ ఫొటో తెరిచినప్పుడు దుర్గాప్రసాద్ వెనక నిలబడ్డాడు. బుగ్గ మీద వెలుగు కొబ్బరాకు మీద వెన్నెల పడ్డట్టు ఉంది. కళ్ళ కింద గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, పొయ్యి దగ్గర కాలిన చిన్న మచ్చ ఒక్కటే కనకరత్నం తీసింది. అది కూడా బుల్లెమ్మ అడిగితేనే. దుర్గాప్రసాద్ ముందుకి వంగి చూశాడు. తరవాత, "మావయ్యగారు చూసుంటే బావుండేది" అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట ఆవిడ ఎన్నడూ వినలేదు.

గృహప్రవేశం ఇంకా వారం ఉందనగా బుల్లెమ్మ కొడుకు మోహన్ వచ్చాడు. లారీ నడుపుకునే కుర్రాడు, చెడ్డవాడు కాదు. శుభలేఖ ఇచ్చాడు. ఆహ్వానించువారు అన్నచోట వీరన్న, మోహన్ అని రెండు పేర్లే ఉన్నాయి. కనకరత్నం అది చూసి తలెత్తితే, "మా వైపు మగాళ్ళ పేర్లే వేస్తారండీ" అన్నాడు.

తరవాత అసలు సంగతికొచ్చాడు. "ఫొటో చాలా బావుందండీ. కానీ శుభమా అని ఇంట్లోకెళ్తూ, బతికున్న మనిషిది నలుపు తెలుపు పటం ముందు గదిలో ఎలా పెడతామండీ? కంప్యూటర్లో రంగులేసి ఇవ్వండి. లేకపోతే లోపల గదిలో పెట్టుకుంటాం."

రంగులు వెయ్యడం ఎంతసేపు? ఇప్పుడు నిమిషం పని. కానీ కనకరత్నం కంప్యూటరు వైపు తిరగలేదు. ఈ ఒక్క పటం ముందు గదిలో నిలబడితే పదిమందీ చూస్తారు, ఇంకో పదిమంది మెట్లెక్కుతారు. ఇది లోపలి గదిలోకి పోయిందా, తండ్రి దీపాలు మళ్ళీ అటకెక్కుతాయి. "మీ అమ్మగారు వచ్చి అడిగితే వేసిస్తాను బాబూ" అంది. బుల్లెమ్మ రాలేదు, అడగలేదు. నలుపు తెలుపు పటమే మామిడికుదురు వెళ్ళింది.

గృహప్రవేశం నాడు కనకరత్నం తలంటి పోసుకుని, మంచి చీర కట్టుకుని వెళ్ళింది. ముందు గదిలో, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద బుల్లెమ్మ పటం ఉంది. వచ్చినవాళ్ళు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, పటాన్ని చూసి, లోపల తిరుగుతున్న బుల్లెమ్మని చూసి, హమ్మయ్య అనుకుని చెప్పులు విప్పుతున్నారు. "ఇల్లు కట్టి చూడు అన్నారు, కట్టి చూపించేవురా మోహన్!" అని వీపు తడుతున్నారు. మోహన్ సిగ్గుపడుతున్నాడే గాని కాదనడం లేదు. కనకరత్నం మూల కుర్చీలో కూచుని, వచ్చే ప్రతి ముఖాన్నీ చూస్తోంది, పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లలాగ.

సత్యనారాయణ వ్రతం అయిపోయింది. బుల్లెమ్మ వంటల దగ్గరికి వెళ్ళింది. అప్పుడు దిగింది ఐ.పోలవరం నుంచి సుబ్బమ్మ, వీరన్న మేనత్త. పెద్దావిడ, చూపు అంతంత మాత్రం, బంధువుల ఇళ్ళకి రాకపోకలు మానేసి చాలాకాలమైంది. బుల్లెమ్మ తిరిగొచ్చిన కబురే ఆవిడకి తెలీదు. చేతిలో దేవుడికని తెచ్చిన బంతిపూల దండ ఉంది. గుమ్మం దాటి రెండడుగులు వేసి, ఎదురుగా గోడకేసి చూసి ఆగిపోయింది.

"అయ్యో బుల్లెమ్మా!" అని ఒక్క కేక పెట్టింది.

ఎవరైనా పట్టుకునే లోపలే సుబ్బమ్మ గోడవార బల్ల ఎక్కినంత పనిచేసి, దేవుడి దండ ఆ పటానికి వేసేసింది.

"కార్డులో నీ పేరు లేదంటే అచ్చు తప్పనుకున్నానే తల్లీ! ఇంత పని జరిగిందనుకోలేదే! పరాయి దేశంలో పొయ్యి ముందు మాడిపోయి ఇల్లు కట్టేవు, ఆ ఇంట్లో పాలు పొంగించుకోడానికి నువ్వు లేకపోయేవటే! మొగుడికి వైద్యం నువ్వే చేయించేవు, ఆడపడుచు పెళ్ళి నువ్వే చేసేవు, కొడుక్కి లారీ నువ్వే కొనిపెట్టేవు. పండక్కి చీరలు పంపితే కట్టుకున్నాం గాని, ఎలా ఉన్నావమ్మా అని ఒక్కనాడు అడిగేమా? మగాడు చేసుంటే ఊరేగించేవాళ్ళం. నిన్ను ఒక్క మంచి మాట అనకుండానే పంపించేసేం కదే!"

కనకరత్నానికి తల కొట్టేసినట్టయింది. తన ఫొటో వల్ల శుభకార్యంలో శోకాలు! వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడ బుల్లెమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ముందుకి రావడం లేదు, ఆపమనడం లేదు. ఒక్కొక్క మాటా వింటోంది.

మోహన్ ముఖం కందగడ్డయింది. "అందుకేనండీ వద్దని మొత్తుకున్నాను!" అంటూ బల్ల లాక్కుని ఎక్కి, పటం రెండు పక్కలా పట్టుకున్నాడు. "దింపేయ్ బాబూ, రంగులేసిస్తాను" అన్న మాట కనకరత్నం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆగరా" అంది బుల్లెమ్మ.

గరిటె పక్కవాళ్ళకిచ్చి వచ్చి సుబ్బమ్మ ఎదురుగా నిలబడింది. సుబ్బమ్మ ఆవిడని చూసింది, పటాన్ని చూసింది, మళ్ళీ ఆవిడని చూసింది. రెండు చేతులతో ఆవిడ బుగ్గలు తడిమి, "ఉన్నావటే!" అని మళ్ళీ ఏడుపు ఎత్తుకుంది.

"ఉన్నానండీ అత్తయ్యగారూ. మధ్యలో ఆపేసేరేం? ఇంకా ఏమన్నా మిగిలుంటే చెప్పెయ్యండి. నిజంగా పోయేక చెప్తే నాకు వినపడదు కదండీ" అంది బుల్లెమ్మ. నలుగురూ నవ్వారు. బుల్లెమ్మ నవ్వలేదు. బల్ల మీది కొడుకు వైపు తిరిగింది. "నువ్వూ చెప్పరా. రేప్పొద్దున్న ఆ పటానికి నువ్వు దండేసినప్పుడు వచ్చినవాళ్ళకి మీ అమ్మ గురించి ఏం చెప్తావో, అది ఇప్పుడు చెప్పు. విన్నాక దింపేద్దువుగాని."

పటం పట్టుకున్న మోహన్ చేతులు అలాగే ఉన్నాయి. వీరన్న మూల కూచుని కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. అంత దగ్గరనుంచి పటంలోని ఆ ముఖాన్ని మోహన్ చూడడం బహుశా అదే మొదలు. వీడియో కాల్లో తప్ప తల్లి ముఖం అంత పెద్దగా అతనికి ఎప్పుడు దొరికింది గనక?

సరిగ్గా అప్పుడే అతని లారీ స్నేహితులు నలుగురు బిలబిలమంటూ గుమ్మంలోకి వచ్చారు. జరిగింది వాళ్ళకేం తెలుసు? "ఇల్లు అదిరిపోయింది మోహన్! భలే కట్టేవు!" అన్నాడు ముందున్నవాడు.

మోహన్ వెనక్కి తిరిగాడు. "నేను కట్టలేదు" అన్నాడు. ఎవరికీ వినపడలేదు, ఇంకోసారి అన్నాడు. "నేను కట్టలేదురా. మా అమ్మ కట్టింది. ఈ ఫొటోలో ఉన్నది మా అమ్మే. అక్కడ నిలబడ్డావిడ."

ఆ నలుగురూ పటం కేసి, బుల్లెమ్మ కేసి చూసి, తెలియకుండానే చేతులు జోడించారు. మోహన్ దండ తీసి తల్లి చేతికిచ్చాడు. పటం పక్కకి ఒరిగింది. దాన్ని సరిచేసి, బల్ల దిగి, దూరం నుంచి చూసి, ఇంకా తృప్తి లేక మళ్ళీ ఎక్కి సరిచేశాడు.

కనకరత్నం పక్క కుర్చీలో ఎవరో పట్టుచీర ఆవిడ ఇంతసేపూ పటాన్నే చూస్తూ ఉంది. "ఎంత దర్జాగా ఉందండీ! ఎవరు తీసేరో ఈ ఫొటో?" అంది, మెల్లగా.

ఆవిడ ఒక్కదానికే వినపడితే సరిపోయేది. కనకరత్నం లేచి నిలబడి, వీధిలో చెప్పులు విప్పుతున్నవాళ్ళకి కూడా వినపడేలాగ, "నేనేనండీ తీసింది!" అంది.